గుర్రపు డెక్క మోసే బరువు

కలకత్తా వెళ్ళినవారు కాళీఘట్టం చూస్తారు, హౌరా వంతెన చూస్తారు. మొన్నటి సెలవుల్లో నేనూ, మా ఆవిడా మాత్రం ఆ మహానగరపు మురుగు ఎక్కడికి పోతుందో చూడడానికి బయలుదేరాము! అక్కడ స్థిరపడిన నా చిన్ననాటి మిత్రుడు, వృక్షశాస్త్రం అధ్యాపకుడు, పట్టుపట్టి తీసుకువెళ్ళాడు.

నగరానికి తూర్పున సుమారు 12,500 హెక్టార్ల తడినేల ఉంది. అందులోని విశాలమైన చేపల చెరువులను అక్కడివారు ‘భేరీలు’ అంటారు. తెలుగు మేష్టారిని గదా, నగారా మోత వినిపిస్తుందేమో ననుకున్నాను; వినిపించింది కొంగల రెక్కల చప్పుడే! కాలువల్లో వచ్చిన మురుగును లోతు తక్కువ చెరువుల్లో నిలవబెడితే ఎండా, నాచూ కలిసి దాన్ని శుభ్రం చేస్తాయి. ఆ నీటిలోనే చేపలు పెరుగుతాయి. ఈ విద్యను లోకానికి చాటినవాడు ధ్రువజ్యోతి ఘోష్ అనే ప్రభుత్వ ఇంజనీరు. 2002లో ఈ ప్రదేశం రామ్‌సార్ జాబితాకెక్కింది.

గట్ల వెంబడి పచ్చని అంచులా గుర్రపు డెక్క! మన చెరువులను మింగేస్తోందని తిట్టుకుంటామే, ఆ మొక్కే. ఇక్కడ వెదురు దడి కట్టి దాన్ని అదుపులో ఉంచుతారు. అలలు గట్టును కోయకుండా అది కాస్తుంది. నీటిలోని లోహాలను వేళ్ళతో పీల్చుకుంటుంది.

ఒకచోట ఒడ్డున డెక్క కుప్ప కనిపించింది.

“మన పెరట్లో వంగమొక్కలకు మంచి ఎరువవుతుందండీ!” అన్నది మా ఆవిడ.

మిత్రుడు తల అడ్డంగా ఊపాడు. “ఇది ఎక్కడిదో తెలియకుండా వద్దు, చెల్లెమ్మా. తోళ్ళ కార్ఖానాల్లో వాడే క్రోమియం కాలువ బురదలో చేరుతుంది. మొక్క దాన్ని పట్టుకోగలదే గాని హరించుకోలేదు. కుళ్ళిందంటే విషం మళ్ళీ మట్టికే! బురదనేలల్లో నాటే జమ్ము కూడా అంతే. లోహాన్ని ఎక్కువగా వేళ్ళలోనే దాచుకుంటుంది. పైన ఆకు కోసి, నేల బాగుపడిందనుకుంటే పొరపాటు.”

“అయితే ఈ మొక్క గరళకంఠుడన్నమాట, అన్నయ్యగారూ!”

“అవును. కాని శివుడికి చావు లేదు, దీనికి ఉంది. చచ్చేలోగా మనమే బరువు దింపాలి. తీసి, పశువుల నోటా, పంటచేలోనూ పడకుండా భద్రపరచాలి. అంతకన్న ముందు కార్ఖానా నీటిని కార్ఖానా దగ్గరే శుభ్రం చెయ్యాలి. మన పాపమంతా మొక్క నెత్తిన పెడితే అది మాత్రం ఎన్నాళ్ళు మోస్తుంది?”

మా ఆవిడ మళ్ళీ ఆ కుప్ప వంక చూడలేదు. ఇంటికి వచ్చాక వంగమొక్కలకు ఎప్పటిలాగే పశువుల పెంట వేశాము.