రెండు శాసనముల నడుమ

శాసనమనగా మాబోంట్లకు రాతిమీది వ్రాత. చట్టసభలవారికి సభ ఆమోదించిన చట్టము. ఈ రెంటి నడుమ రాకపోకలెట్లు సాగునో నేను ఆలస్యముగా, అదియును తప్పు చేసి, తెలిసికొంటిని. పరిశోధక మిత్రులకు ఉపకరింపవచ్చునని వ్రాయుచున్నాను.

2004లో కేంద్రప్రభుత్వము తమిళమునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి నొసగెను. నాటి నిబంధన వేయి సంవత్సరముల ప్రాచీనత. 2005లో సంస్కృతమును చేర్చిననాడు ఆ నిబంధన 1500 నుండి 2000 సంవత్సరములుగా మాఱెను. తెలుగువారికి చిక్కు అక్కడనే వచ్చినది. నన్నయ పదునొకండవ శతాబ్దివాడు. భారతము చేతబట్టుకొని వెళ్లిన చాలదు. సాక్ష్యమును రాళ్లలో వెదకవలసివచ్చెను.

ఆ దినములలో ఒక శాసనసభ్యులు నన్ను పిలిపించి "శాస్త్రిగారూ, మన తెలుగు ఎంత పాతదో ఒక కాగితం మీద రాసివ్వండి, పైకి పంపిస్తాను" అనిరి. నేను పాఠశాలలో తర్క వ్యాకరణములు చదివినవాడను. పూర్వపక్షము లేని సిద్ధాంతము మాకు రుచింపదు. ముప్పదియాఱు పుటలు వ్రాసి తీసికొనిపోతిని. వారి ఆంతరంగిక కార్యదర్శి, చిన్నవాడు, వినయవంతుడే, ఆ కట్టను చేతితో తూచి చూచి "గురువుగారూ, సారు కారులో చదువుకుంటారండి. ఒక్క పేజీ చాలు" అనెను. నాకు కోపము వచ్చినది. ఇంటికి వచ్చి ఆ కోపముతోనే ఒక పుట వ్రాసితిని.

తప్పు అచ్చటనే జరిగెను. చోటు లేదను నెపమున పూర్వపక్షములన్నియు తీసివైచితిని. అమరావతి శిలాఖండమున వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిన 'నాగబు' పదమును తిరుగులేని ప్రమాణముగా మొదటి వాక్యముననే నిలిపితిని. ఆ రాయి తునక. ఆ యక్షరములు ఒక పెద్ద పేరులోని భాగము కావచ్చునను వాదము నేనెఱుగనిది కాదు. మొదటి ప్రతిలో దానికి నాలుగు పుటలు కేటాయించితిని కూడ!

కొన్ని వారములకు ఒక సమావేశమున, చరిత్ర చదివిన అధికారి యొకరు ఆ పుట చూపి "ఈ పదం మీద అభ్యంతరాలున్నాయి కదండీ, ప్రస్తావించలేదేం?" అని మెల్లగా అడిగిరి. శాసనసభ్యులు నావైపు చూచిరి. ఒప్పుకొనక తప్పలేదు. అంతట ఆ పుటలో నిజముగా బలమున్న వాక్యమును సైతము ఎవ్వరును పట్టించుకొనలేదు. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుని తెలుగు శాసనమున్నది. లిపినిబట్టి అది సుమారు క్రీ.శ. 575 నాటిది. లెక్కకు 1500 సంవత్సరములకు కొంచెము తక్కువయే. కాని ఒక రాజు తన ఆజ్ఞను ఒక భాషలో రాతికెక్కించుటకు ముందు ఆ భాష జనులలో ఎంతకాలము నడచియుండవలెను? ఈ ప్రశ్న నా తొందరపాటు వలన ఆనాడు వినబడకపోయెను.

మఱల వ్రాసితిని. ఈసారియు ఒక్క పుటయే. కలమళ్ల మొదట, గాథాసప్తశతిలోని తెలుగు పదములు పిదప, 'నాగబు' చివర, "వివాదగ్రస్తము" అను ఒక్క మాటతో. ఆ యొక్క మాటకు ఎంత చోటు పట్టినది కనుక! అడుగున, మేము కోరునది యేమో ఒకే వాక్యమున వ్రాసితిని. మొదటి ప్రతిలో ఆ కోరిక ఎక్కడను లేదని అప్పుడు గాని గమనింపలేదు.

2008 అక్టోబరు 31న తెలుగు కన్నడములకు ఆ ప్రతిపత్తి ప్రకటింపబడెను. అందు నా పుట పాలెంతయో చెప్పజాలను. పలువురు పెద్దలు పాటుపడిరి. 2020లో ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రము మైసూరు నుండి నెల్లూరికి వచ్చినది.

పార్లమెంటు స్థాయీసంఘములు బిల్లులపై అభిప్రాయములు కోరుచు పత్రికలలో ప్రకటించుచుండును. మన కళాశాలలలో ఎవరు చదువుచున్నారో తెలియదు. శాసనమండలిలో ఉపాధ్యాయుల ప్రతినిధులు కలరు. ఓట్లనాడు తప్ప మనము వారిని తలపము.

ఆ ముప్పదియాఱు పుటలు వ్యర్థము కాలేదు. సమావేశానంతరము ఆ అధికారియే అడిగి తీసికొనిపోయిరి. నెల దాటిన పిదప అంచులలో పెన్సిలు వ్రాతలతో తిరిగి పంపిరి. ఒకచోట నేనిచ్చిన శకవర్షపు లెక్క తప్పని వ్రాసిరి. తప్పే.