కాటన్ కాలువ గట్టున: విజ్జేశ్వరం నుంచి ఏలూరు దాకా

విజ్జేశ్వరం దగ్గర గోదావరి కుడిగట్టు తూములు ఎత్తారంటే పడమటి డెల్టాలో ఆ ఏటి సార్వా మొదలైనట్టే. అక్కడ బయల్దేరిన నీరు నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఉంగుటూరు, భీమడోలు మీదుగా ఏలూరు చేరుతుంది. 2022లో జిల్లాలు విడగొట్టాక ఈ ఒక్క దారి మూడు జిల్లాల్లో పడింది. నిడదవోలు తూర్పు గోదావరిలో, గూడెం పశ్చిమ గోదావరిలో, ఉంగుటూరు ఏలూరు జిల్లాలో. పేరు మాత్రం ఏలూరు కాలువే. ఈ గట్టు వెంట ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వచ్చినవాళ్లకు ఒక సంగతి తేటపడుతుంది. సర్ ఆర్థర్ కాటన్‌ను మనం గుండెలో పెట్టుకున్నాం, కానీ సగమే పెట్టుకున్నాం.

విజ్జేశ్వరం దగ్గర ఇప్పుడు కనిపించేది 1982 నాటికి పూర్తయిన ఆర్థర్ కాటన్ బ్యారేజి. పాత ఆనకట్ట దానికి కాస్త దిగువన ఉండేది. 1847లో పని మొదలుపెట్టి 1852కల్లా ముగించారు. లంకల మధ్య ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, కట్టుబడి మొత్తం రెండుంపావు మైళ్లు. ఎత్తు పన్నెండడుగులే. అంత గోదావరికి పన్నెండడుగుల గోడ ఏం ఆనుతుందనిపిస్తుంది. కాటన్ నదిని ఆపాలనుకోలేదు. వరద పైనుంచి పొర్లిపోవాలి, మామూలు రోజుల్లో నీటిమట్టం కాలువల్లోకి పారేటంత లేవాలి, అంతే.

ఆ చదువు ఆయనకు కావేరి ఒడ్డున అబ్బింది. 1803 మే 15న ఇంగ్లండులో పుట్టిన కాటన్ పదిహేనో ఏట అడిస్కోంబ్‌లోని ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చేరాడు. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం, 1821లో మద్రాసులో అడుగు. బర్మా యుద్ధంలో పనిచేసి వచ్చాక కావేరి డెల్టాకు వెళ్లాడు. అక్కడ చోళుల నాటి ఆనకట్ట కల్లణై కనిపించింది. అడుగు దొరకని ఇసుక మీద రాతికట్టు ఎలా నిలబెట్టాలో ఈ దేశపు పాత పనివాళ్ల దగ్గరే నేర్చుకున్నామని ఆయనే రాసుకున్నాడు. కావేరి పాయ కొళ్లిడం మీద ఆనకట్టలు కట్టింది ఆ పాఠంతోనే. గోదావరి ఇసుక మీద నిలబడింది కూడా ఆ పాఠమే. ఈ మాట మన పిల్లలకు చెప్పాలి. దొర గొప్పతనం అందులో తగ్గదు, ఇంకా పెరుగుతుంది.

1832, 33ల్లో నందన కరువు, 1839లో కోరంగి తుపాను చూసిన నేల ఇది. పక్కనే అంత నది పారుతుండగా జనం ఆకలికి చచ్చిపోయారు. కాటన్ 1844లో ఈ ప్రాంతం తిరిగి చూసి నివేదికలు రాస్తే కంపెనీ ఒప్పుకుంది. శిస్తు పెరుగుతుందన్న లెక్క కంపెనీది. ఆ లెక్క చూపించి డబ్బు రాబట్టినా, కరువు మీద పగబట్టినట్టు పనిచేసిన మనిషి మాత్రం కాటనే. ఒళ్లు చెడి మధ్యలో ఆస్ట్రేలియా వెళ్లాల్సి వస్తే కెప్టెన్ ఓర్ పని నడిపించాడు. తెలుగువాడైన వీణం వీరన్న ఆ పనుల్లో కుడిభుజంలా నిలిచాడు. రాళ్లు కొట్టి మోసిన వేల మంది కూలీల పేర్లు ఏ ఫలకం మీదా లేవు.

నిడదవోలు దాటి గూడెం వైపు వస్తుంటే నందమూరు దగ్గర అక్విడక్టు. పైన కాలువ, కింద యర్రకాలువ. జంగారెడ్డిగూడెం వైపు మెట్ట నుంచి దిగే యర్రకాలువ ఇక్కడ కాలువ కింద దూరి, దిగువన యనమదుర్రు డ్రెయినుగా పేరు మార్చుకుని భీమవరం వైపు పోతుంది. గట్టి వాన పడ్డ ఏడు ఆ నీరు కిందనుంచి లాగక ఎగదన్ని, నిడదవోలు, తాడేపల్లిగూడెం మండలాల చేలను ముంచుతుంది. సాగునీటి కాలువకు మురుగు దారి ఎంత ముఖ్యమో నందమూరు రైతును అడిగితే చెబుతాడు.

గూడెం నుంచి కాలువ, రైలు, హైవే దాదాపు పక్కపక్కనే సాగుతాయి. బాదంపూడి దాటితే ఉంగుటూరు.

ఉంగుటూరులో గట్టెక్కి నిలబడితే దొర ఆలోచన కంటికి ఆనుతుంది. ఉత్తరాన మెట్ట. ఎర్రనేల, ఆయిల్‌పామ్, జీడిమామిడి, బోర్లు. దక్షిణాన పల్లం. నిడమర్రు మీదుగా కొల్లేరు దాకా వరి, ఆ తర్వాత చేపల చెరువులు. సరిగ్గా ఈ రెండింటి అంచు పట్టుకుని కాలువ తవ్వారు. నేల వాలు వెంట పడిపోకుండా, వాలుకు అడ్డంగా, దాదాపు ఒకే మట్టం మీద నడిపించారు. పారే వైపు మొహం పెట్టి నిలబడితే తూములన్నీ ఎడమచేతి వైపే. కుడిచేతి నేల కాలువకంటే మిట్ట, నీరెక్కదు. అందుకే ఇన్నేళ్లూ గట్టుకు ఈవల బోరు, ఆవల బోదె. తాడిపూడి ఎత్తిపోతలు, పోలవరం కుడి కాలువ వచ్చాకే మెట్టకు గోదావరి మాట వినబడింది.

తూము పక్కన గోడకు అడుగులు, అంగుళాల అంకెలున్న గేజి ఉంటుంది. లష్కరు దాన్ని చూసి పుస్తకంలో రాసుకుంటాడు. దాళ్వా పొట్ట మీదున్నప్పుడు ఆ గేజిలో కొద్ది అంగుళాలు తగ్గితే చాలు, శివారు ఆయకట్టులో వంతులు మొదలవుతాయి. రాత్రిళ్లు బోదెల దగ్గర కాపలా పడతారు. మొదటి తూము రైతుకు, చివరి తూము రైతుకు మధ్య తగవు ఈ కాలువంత పాతది. ఆ అంకెను నిలబెట్టేది మధ్యలో పూడిక, గుర్రపుడెక్క ఎంతుందన్నదే. ఉంగుటూరు ఎగువన డెక్క అడ్డం పడితే దెబ్బ దిగువ ఊళ్ల చేలకు తగులుతుంది.

ఇక మనం మరిచిపోయిన సగం. కాటన్‌కు కాలువంటే సగం పొలం, సగం పడవ. నీళ్లు మళ్లిస్తే పంట పండుతుంది, ఆ పంటే పడవెక్కి బజారుకు పోతుంది, రెండింటికీ తవ్వకం ఒకటే. అందుకే ఈ కాలువకు వాలు తక్కువ, వెడల్పు ఎక్కువ, మట్టం మారిన చోటల్లా లాకులు. లాకు అంటే రెండు తలుపుల మధ్య రాతి తొట్టి. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, ముందు తలుపుల చిన్న తూములు ఎత్తుతారు. నీరు సమానమయ్యాక తలుపులు తెరిస్తే పడవ కింది మట్టంలోకి సాగిపోతుంది. నూనె చుక్క, కరెంటు అక్కర్లేదు. బియ్యం బస్తాల పడవలను గట్టు మీద తాడు పట్టి లాగిన మనుషుల దారి అది.

రైలంటే గిట్టక ఇలా చేశాడనుకోకూడదు. 1837లో మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్ నుంచి రాళ్లు తెచ్చిన తొలి రైలుమార్గంలో ఆయన చెయ్యి ఉంది. ధవళేశ్వరం రాతికీ పట్టాలు వేయించాడు. కానీ ఈ దేశానికి ముందు నీళ్లు కావాలి, తర్వాతే రైళ్లు అన్నది ఆయన వాదం. 1860లో ఇంగ్లండు వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది సర్ బిరుదు వచ్చింది. 1878లో పార్లమెంటు కమిటీ ముందు అదే వాదం వినిపించాడు. వాళ్లు ఒప్పుకోలేదు. విజయవాడ నుంచి కటకం దాకా 1893-96 మధ్య రైలు వచ్చేసింది, ఇదే కాలువ పక్కనే. కాటన్ చివరి రోజుల్లో డోర్కింగ్‌లోని తన తోటలో లోతుదుక్కి దున్ని గోధుమ పండించే ప్రయోగాలు చేస్తూ 1899 జులై 24న కన్నుమూశాడు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన మరుసటి ఏడే తెరిచారు.

కైకరం, పూళ్ల, భీమడోలు, గుండుగొలను. ఇక్కడ ఎడమవైపు చూపంతా కొల్లేరుదే. రెండు డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ మంచినీటి సరస్సులోకే మురుగంతా దిగి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో అక్రమ చెరువుల గట్లు తెగ్గొట్టడం జరిగినా నీటి దారి ఇంకా ఇరుకే. ఆనకట్ట కట్టినంత పట్టుదలగా మురుగు దారిని ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు, తెల్లవాళ్లదీ మనదీ కూడా.

ఏలూరులో గోదావరి కాలువకు ఎదురుగా కృష్ణా కాలువ వస్తుంది. విజయవాడ ఆనకట్ట కట్టించింది ధవళేశ్వరంలో కాటన్ లేనప్పుడు పని నడిపిన ఆ ఓర్. గురువు కాలువ, శిష్యుడి కాలువ ఇక్కడ కలిశాయి. అప్పట్లో కాకినాడలో ఎక్కిన సరుకు ఏలూరు, విజయవాడ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు చేరేది. 2008లో ఈ దారినే నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఏలూరు కాలువలో మాత్రం ఇప్పటికీ ఒక్క బియ్యం పడవ కదలడం లేదు.

ఏటా మే 15న ఈ గట్టు పొడవునా కాటన్ విగ్రహాలకు దండలు వేస్తారు. ఆ రోజుల్లో కాలువలు కట్టేసి ఉంటాయి. అడుగున పూడిక, డెక్క వేళ్లు, ఊళ్లు విసిరిన ప్లాస్టిక్ అంతా బయటపడి కనిపించేది, బాగుచేయడానికి వీలయ్యేది అప్పుడే. ఉంగుటూరు, కైకరం, భీమడోలు, ఏలూరు వాళ్లకు నా మనవి ఒకటే. ఈసారి దండ వేసే ముందు మీ ఊరి రేవులోకి దిగి చెత్త తీయించండి, మిగిలిన పాత లాకులను పడగొట్టకుండా బాగుచేయించమని నీటిపారుదల శాఖను ఊరి తీర్మానంతో అడగండి. జూన్‌లో నీళ్లు వదిలేలోపు ఆ పని కావాలి.