తిరుగు పంటు ఎన్నింటికి?

దీవికెళ్లి నాలుగు రోజులు హాయిగా గడపాలని చాలా జంటలకు ఉంటుంది. ఏ దీవికి? చిక్కంతా అక్కడే! మరి దీవుల్లోనే పుట్టి పెరిగిన గోదావరి వాళ్లనడిగితే ఏం చెబుతారు?

"ఏవండీ, మాల్దీవులకెళ్దామా? నీలం రంగు నీళ్లు... నీళ్ల మీదే గది..."

"అండమాన్ అయితే పాస్‌పోర్టు గొడవుండదు కదా!"

"మా ఫ్రెండు వాళ్లు బాలీ వెళ్లొచ్చారు."

"బాలీ కంటే మారిషస్ నయమట!"

కొత్తగా పెళ్లయిన జంట కావచ్చు. పిల్లల్ని అమ్మమ్మగారింట్లో దింపేసి, పెళ్లిరోజుకి ఎటైనా వెళ్లొద్దామనుకునే పాత జంటా కావచ్చు. రాజమండ్రిలోనో, కాకినాడలోనో, భీమవరంలోనో ఇలాంటి చర్చ ఏదో ఒక ఇంట్లో నడుస్తూనే ఉంటుంది. ఆ ఇంట్లో లంక నుంచి వచ్చిన మామ్మ ఉంటే గనక, దేవుడి దగ్గరికి వత్తులు చేసుకుంటూనే ఓ మాట విసురుతుంది.

"లంకలోంచి బయటపడటానికి మేం పడ్డ తిప్పలు ఆ దేవుడికే తెలుసు. మీరేమో డబ్బులు పోసి మరీ దీవిలోకి పోతానంటారేంట్రా!"

ఇంటిల్లిపాదీ నవ్వేస్తారు. కానీ మామ్మ అన్నది నవ్వులాటకు కాదు.

మన చుట్టూ ఎన్ని దీవులో!

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయలకూ బంగాళాఖాతానికీ మధ్య చిక్కుకున్న పచ్చటి నేలే కోనసీమ. అంటే కోనసీమే పెద్ద దీవి! 2022 ఏప్రిల్‌లో అమలాపురం కేంద్రంగా జిల్లా కూడా అయింది. ఇక నదిలో మేటవేసిన ఒండ్రుతో ఏర్పడిన చిన్న దీవులను లంకలంటారు. సముద్రం దాపున తిప్పలుంటాయి. బొబ్బర్లంక, పిచ్చుకలంక, ఎదుర్లంక, బలుసుతిప్ప... పేర్లు వింటేనే తెలిసిపోతుంది, అది ఒకప్పుడు నీళ్ల మధ్య ఊరని.

ఇక్కడివాళ్లకు దీవి అంటే విహారం కాదు, రోజువారీ బతుకు. అరటిగెల అమ్ముకోవాలన్నా, నొప్పులొచ్చిన మనిషిని ఆసుపత్రికి చేర్చాలన్నా, పిల్లాడు పరీక్ష రాయాలన్నా... ముందు రేవు దాటాలి. యానాం దగ్గర గౌతమి మీద ఎదుర్లంక వారధి వచ్చింది 2002లో. అంతకుముందు అక్కడా పడవలూ పంట్లే దిక్కు. కోటిపల్లి-ముక్తేశ్వరం, నరసాపురం-సఖినేటిపల్లి రేవుల్లో పంటు ప్రయాణం ఈ తరానికీ తెలిసిందే.

నీళ్లు ఇచ్చినట్టే ఇచ్చి లాక్కోవడమూ ఈ నేలకు తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి విరుచుకుపడ్డ తుపానుకు కోనసీమలో తోటలకు తోటలే నేలకొరిగాయి. వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చినప్పుడు లంక గ్రామాల వీధుల్లో పడవలు తిరిగాయి. వరద తీశాక కూడా కొన్నిచోట్ల గట్టు కోసుకుపోతూనే ఉంటుంది. నిన్నటి కొబ్బరితోట ఇవాళ నదిలో ఉంటుంది.

అందుకే లంకలో పెరిగిన మనిషి ఎక్కడికి బయల్దేరినా మూడు ప్రశ్నలడుగుతుంది. ఎలా దాటాలి? దాటాక పొద్దెలా పోతుంది? తిరుగు పంటు ఎన్నింటికి? సెలవులకు దీవి ఎంచుకునే జంటకు ఇంతకంటే మంచి కొలబద్ద దొరకదు. కావాలంటే ఒక్కో దీవినీ ఈ ప్రశ్నలతో కొలిచి చూడండి.

దూరపు దీవులు

ముందు అండమాన్. చిన్నాపెద్దా కలిపి ఎనిమిది వందలకు పైగా దీవులు. మనవాళ్లకు వీసా అక్కర్లేదు. విమానంలో చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. విశాఖ నుంచి నౌక కూడా ఉంది గానీ తరచూ ఉండదు, చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. పోర్ట్‌బ్లెయిర్‌ను 2024 నుంచి శ్రీవిజయపురం అంటున్నారు. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే కనిపిస్తారు. ఒకప్పుడు మన మన్యం తిరుగుబాట్లలో పట్టుబడ్డవాళ్లను తెల్లదొరలు శిక్షగా పంపిందీ ఈ దీవులకే. సెల్యులార్ జైలు చూసి వచ్చాక సముద్రం మరోలా కనిపిస్తుంది.

రాజమండ్రి వాళ్లకు ఇక్కడో తమాషా. హేవలాక్ వంతెన మనకూ ఉంది, హేవలాక్ దీవి అక్కడా ఉంది. మన వంతెనకు మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవలాక్ పేరు పెడితే, ఆ దీవికి సైన్యాధికారి హెన్రీ హేవలాక్ పేరు పెట్టారు. 2018లో ఆ దీవి పేరు స్వరాజ్ ద్వీప్‌గా మారింది. మరి మూడో ప్రశ్న? దీవి నుంచి దీవికి తిరిగే ఓడలు వాతావరణం చెడితే ఆగిపోతాయి. కాబట్టి ఇంటికొచ్చే విమానానికి ముందురోజే శ్రీవిజయపురం చేరుకోవాలి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అనువైన కాలం. కాస్త ఈతా, కాస్త చరిత్రా, మధ్యలో తెలుగు పలకరింపూ కావాలనుకునే జంటకు సరిపోతుంది.

లక్షద్వీప్‌లో 36 దీవులుంటే జనం ఉండేది పదింటిలోనే. కొచ్చి నుంచి ఓడ మీదో, విమానంలోనో వెళ్లాలి. మనదేశమే అయినా ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. పగడపు దిబ్బల మధ్య నీళ్లు అద్దంలా ఉంటాయి. కానీ బజార్లూ, సినిమాలూ, షాపింగూ ఉండవు. ఇద్దరూ మౌనంగా కూర్చోగలిగితేనే లక్షద్వీప్! మూడోరోజుకే ఒకరికి విసుగు పుట్టే అవకాశముంటే ముందే ఆలోచించుకోవాలి.

మాల్దీవుల్లో 1,200 దాకా దీవులున్నాయి. చాలాచోట్ల ఒక దీవికి ఒకే రిసార్టు. దిగాక మరో హోటలుకో, బయటి భోజనానికో వెళ్లే వీలుండదు. గది అద్దె చూసి సంబరపడితే చాలదు. స్పీడ్‌బోటుకో, నీటి మీద దిగే విమానానికో ఎంత, భోజనాలకెంత అన్నదీ కలిపి లెక్కేసుకోవాలి. ఆ చిన్న విమానాలు పగటి వెలుగులోనే ఎగురుతాయి. మాలే చేరేసరికి చీకటి పడితే ఆ రాత్రికి అక్కడే మకాం. ఖర్చు తగ్గాలంటే స్థానికులుండే దీవుల్లో గెస్ట్‌హౌస్‌లున్నాయి. అక్కడ వాళ్ల కట్టూబొట్టూ, పద్ధతులూ గౌరవించాలి. భారతీయులకు వీసా దిగాకే ఉచితంగా ఇస్తారు.

బాలీ అలా కాదు. గుళ్లూ, వరిచేలూ, నాట్యాలూ, బజార్లూ... ఇద్దరి అభిరుచులు వేరైనా ఎవరికి కావాల్సింది వారికి దొరుకుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా వానలు. వాళ్ల కొత్త సంవత్సరం 'న్యేపి' నాడు దీవంతా మౌనం పాటిస్తుంది. వీధిలోకి ఎవరూ రారు, విమానాశ్రయం సైతం మూసేస్తారు! 2023లో అది సరిగ్గా మన ఉగాది రోజునే వచ్చింది. తేదీ చూసుకోకుండా టికెట్టు కొంటే అంతే సంగతులు.

ఇక మారిషస్. మన ఎండాకాలం ముదిరేసరికి అక్కడ చల్లబడుతుంది. మే నుంచి అక్టోబరు దాకా హాయి. జనవరి నుంచి మార్చి వరకు తుపాన్ల భయం. భారతీయులకు ముందుగా వీసా అవసరం లేదు. అన్నిటికీ మించి గోదావరి వాళ్లకు అక్కడో చుట్టరికముంది. 1830ల నుంచి చెరకు తోటల్లో పనికి మనవాళ్లను ఓడల్లో తీసుకెళ్లారు. కాకినాడ పక్కనున్న కోరంగి అప్పట్లో పేరున్న రేవు. ఆ రేవు పేరుతోనే అక్కడ తెలుగువాళ్లను 'కొరింగీ'లనేవారు. వాళ్లకు తిరుగు పంటు ఎన్నింటికో చెప్పినవాళ్లు లేరు. చాలామంది మళ్లీ గోదావరి ముఖం చూడలేదు. వలస కూలీలు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్ పోర్ట్‌లూయీలో ఉంది. 2006లో యునెస్కో వారసత్వ స్థలమైంది. ఇవాళ మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు. బీచ్‌లో మూడు రోజులు గడిపినవాళ్లు ఆ మెట్ల దగ్గర ఓ గంట గడపలేరా?

దగ్గరి దీవులు

ఇన్ని లెక్కలేశాక సెలవులు రెండే రోజులని తేలితే? అప్పుడు మన దీవులే గతి... కాదు కాదు, మన దీవులే భాగ్యం.

ధవళేశ్వరం నుంచి మొదలుపెట్టొచ్చు. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట చోట ఇప్పుడు బ్యారేజీ ఉంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. వాటి మధ్యలో ఉన్నవి లంకలే. బ్యారేజీ మీదుగా వెళ్తుంటే బండి దిగకుండానే నదినీ దీవినీ మార్చి మార్చి దాటేస్తారు. పక్కనే ఆత్రేయపురం. అక్కడ పూతరేకులు కొనకుండా ముందుకెళ్లిన జంట ఇంటికెళ్లాక మాట పడటం ఖాయం.

కాస్త భక్తీ, కాస్త ఏకాంతం కావాలంటే పట్టిసీమ. నది నడుమ కొండ మీద వీరభద్రుడు. రేవు నుంచి పడవలో వెళ్లాలి. మహాశివరాత్రికి కాలు పెట్టే సందుండదు, మామూలు రోజుల్లో ప్రశాంతం.

రాత్రి మకాం ఉండాలంటే దిండి. వశిష్ఠ ఒడ్డున కొబ్బరితోటల మధ్య పర్యాటక శాఖ రిసార్టు ఉంది. హౌస్‌బోట్లు ఏ సీజన్లో తిరుగుతున్నాయో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. అక్కడి నుంచి అంతర్వేది వెళ్లి నరసింహస్వామిని దర్శించుకుని, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు చూడొచ్చు. సంక్రాంతి రోజుల్లో వెళ్తే కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం కళ్లపండుగ.

కాకినాడ వైపైతే కోరంగి మడ అడవులు. 1978లో అభయారణ్యమైంది. చెక్కల బాట మీద నడుస్తుంటే రెండు వైపులా మడచెట్ల వేళ్లు పైకి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. నీటిపిల్లులూ, నీటికుక్కలూ ఉండే చోటిది. ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్. గోదావరి తెచ్చిన ఇసుకతో రెండొందల ఏళ్ల కాలంలో పెరిగిన దిబ్బ అది. కెరటాల పోటు తగలకుండా కాకినాడ రేవుకు అడ్డుగోడలా నిలబడింది. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టేదీ ఆ ఇసుకలోనే. అనుమతి ఉన్న బోట్లు నడుస్తుంటేనే వెళ్లాలి. చెత్త అక్కడ వదలకూడదు.

ఈ ఊళ్లన్నీ రిసార్టులు కావన్నది గుర్తుంచుకోవాలి. లంకలో కనిపించే ప్రతి తోటకూ యజమాని ఉంటాడు. అడిగితే బొండాం కొట్టి ఇస్తాడు, అడగకుండా ఫొటోల కోసం పాదుల్లో నడిస్తే మాత్రం ఊరుకోడు. ఊరుకోకూడదు కూడా.

ఎప్పుడు వెళ్లాలి?

నవంబరు మొదట్లో తుపాన్ల ముప్పు చూసుకుని, ఆ తర్వాత ఫిబ్రవరి దాకా మన దీవులకు మంచి కాలం. జులై నుంచి సెప్టెంబరు వరకు గోదారి ఎర్రబడుతుంది. పులస వచ్చేదీ అప్పుడే. పులస తినడానికి రండి, పడవెక్కడానికి మాత్రం వద్దు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయల్దేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. యాభై మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. నది వరద మీదున్న రోజది. వాళ్లూ సెలవురోజున సరదాగా గడుపుదామని బయల్దేరినవాళ్లే. కాబట్టి ఏ రేవులోనైనా లైఫ్‌జాకెట్ ఇవ్వకపోతే, పడవలో కిక్కిరిసి జనం ఉంటే, సరంగు "ఏం ఫర్వాలేదండీ" అన్నా సరే... దిగిపోవడమే. డబ్బు పోతే పోయింది.

ఇంతకీ మొదట్లో వాదించుకుంటున్న ఇంట్లో ఏం తేలుతుంది? పాస్‌పోర్టులు చేతికొచ్చేసరికి ఇంకా టైముంది. బ్యాంకులో డబ్బు మరికొంత పెరగాలి. సరే, ఈ జనవరికి దిండిలో రెండు రోజులు, పైసంవత్సరం పెళ్లిరోజుకి అండమాన్ అని ఒప్పందం కుదురుతుంది. వెళ్లేటప్పుడు నరసాపురం మీదుగా పంటు దాటాలని కోడలి ముచ్చట. చించినాడ వంతెన మీదుగా కారులో వెళ్లొచ్చు కదా అని అబ్బాయి గొణుగుడు.

వత్తులు డబ్బాలో పెట్టి మూత బిగిస్తూ మామ్మ తలెత్తుతుంది.

"పంటు మీదే తీసుకెళ్లరా అబ్బాయ్, పిల్ల ముచ్చటపడుతోంది. ఒడ్డున మాత్రం అడుగు... ఆఖరి పంటు ఎన్నింటికో!"