ఐన్ ఖాలిద్ పార్వేట

మా ఇంట్లో మొదటి విల్లు ఖర్జూరపు మట్టతో తయారైంది. అది 2007 జనవరి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఖతార్‌లో, దోహాకు నైరుతి దిక్కున సల్వా రోడ్డును ఆనుకుని ఉన్న ఐన్ ఖాలిద్‌లో మా కాపురం. పెరటి గోడవారన మూడు ఖర్జూరపు చెట్లుండేవి. నాటూర్ (కాపలాదారు) ఎండిన మట్టలు నరికి గేటు బయట పడేస్తే, నాన్న వాటిని ఒక్కొక్కటే వంచి చూసి, విరగకుండా వంగినదాన్ని ఇంట్లోకి తెచ్చాడు. మొదట్లోని ముళ్లు చెక్కి, ఆకులు దూసి, రెండు కొనలకూ గాట్లు పెట్టి నైలాన్ తాడుతో నారి బిగించాడు. బాణాలకు సన్నటి వెదురు పుల్లలు దొరికాయి. వాటి మొనలకు అమ్మ పాత పసుపు గుడ్డ చుట్టి దారంతో గట్టిగా కట్టింది.

"శుక్రవారం పార్వేటకు పోదాం" అన్నాడు నాన్న. ఆ మాట విన్నప్పుడు అమ్మ ముఖంలో వచ్చిన వెలుగు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అప్పటి ఐన్ ఖాలిద్ వేరు. ఎత్తైన ప్రహరీల వెనక పెద్దపెద్ద ఇళ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ ఇసుక నేల. లోపలి వీధుల్లో చాలావాటికి తారు లేదు. నీళ్ల ట్యాంకరు వచ్చిపోతే లేచిన దుమ్ము మధ్యాహ్నం దాకా కిటికీ అద్దాల మీదే ఉండేది. మేమున్నది ఒకే ఇంటిని ఐదు వాటాలు చేసిన వాటిలో ఒక వాటా. పక్క వాటాల్లో రెండు మలయాళీ కుటుంబాలు, ఒక పాకిస్తానీ కుటుంబం, ఒక ఈజిప్టు కుటుంబం. సాయంత్రమైతే పిల్లలమంతా మూలనున్న బకాలా కొట్టు దాకా పరుగు పందెం వేసుకునేవాళ్లం. ముందు నెలలోనే దోహాలో ఆసియా క్రీడలు జరిగాయి. వాటి చిహ్నం ఓరీ అనే ఓరిక్స్. నిటారు కొమ్ముల ఆ తెల్ల జంతువు ఖతార్ జాతీయ జంతువు. ఊళ్లో ఎక్కడ చూసినా దాని బొమ్మే. నా బడిసంచి మీద కూడా ఓరీ ఉండేవాడు.

అరబ్బీలో 'ఐన్' అంటే నీటి ఊట. కన్ను అని కూడా అర్థం. ఖాలిద్ ఊట అన్నమాట మా పేట పేరు. నేను చూసేనాటికి అక్కడ ఊటా లేదు, బావీ లేదు. పేరులో మాత్రం నీళ్లు మిగిలాయి.

నాన్నది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. తూర్పుకు తిరిగి నిలబడితే నల్లమల కనబడుతుంది. ఆ ప్రాంతానికి సంక్రాంతి అంటే కనుమ నాడు అహోబిలంలో మొదలయ్యే పార్వేట. స్వామి కొండ దిగి వేటకు బయలుదేరతాడు. జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదుల ఉత్సవమూర్తులు పల్లకిలో నలభై రోజులకు పైగా ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతారు. తన కల్యాణానికి జనాన్ని స్వామి స్వయంగా వచ్చి పిలుస్తాడని నమ్మకం. పల్లకి ఊళ్లోకి వచ్చిందంటే ఆ ఊరికి అదే పెద్ద పండగ. ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు, ఇళ్లకు సున్నం పడుతుంది, తిరునాళ్ల తీరులో అంగళ్లు వెలుస్తాయి. బయలుదేరే ముందు చెంచులు పల్లకికి బాణాలు వేస్తారు. స్వామి పెళ్లాడిన చెంచులక్ష్మి వాళ్ల ఆడపిల్ల. అందుకే స్వామి వాళ్లకు అల్లుడు. "ఆడపిల్లనిచ్చినోళ్లకు ఆ మాత్రం చొరవ ఉంటాదిలే" అనేవాడు మా జేజినాయన. 1958లో వచ్చిన 'చెంచులక్ష్మి' సినిమా సీడీ మా ఐన్ ఖాలిద్ ఇంట్లో అరిగిపోయేదాకా ఆడింది.

నాన్న ఖతార్ వచ్చి అప్పటికి పదకొండేళ్లు. సెలవు వేసవిలోనే దొరికేది. పదకొండు పార్వేటలు ఆయన లేకుండా గడిచాయి. కనుమ నాడు టెలిఫోన్ కార్డు గీకి ఊరికి ఫోన్ చేసేవాడు. పల్లకి ఎంతవరకు వచ్చిందని అడిగేవాడు. కార్డులో డబ్బులైపోయి లైను తెగిపోతే, రిసీవరు పట్టుకుని కాసేపు అలాగే కూర్చునేవాడు. ఆ ఏడు ఫోన్‌లో జేజినాయనే అన్నాడట: "అడివి యాడున్నా అడివేరా. పిల్లోల్లను తీసకపో."

జేజినాయన చిన్నతనంలో చెంచుల వెంట నల్లమలలోకి పోయేవాడు. వెదురు విల్లు, ఇనుప ములికి, ఒక్కోసారి రోజంతా నడక. ఆ కథలు నాకు వేసవి సెలవుల్లో మిద్దె మీద పడుకున్నప్పుడు వినిపించేవి. వాటిలో జింక చచ్చిన ఘట్టం కంటే చేజారిన ఘట్టాలే ఎక్కువ. గాలి తిరిగిందనో, ఎండుటాకు పలికిందనో, పిల్ల వెంట ఉందనో. ఆయన కచ్చితంగా చెప్పే మాటలు మూడు: చూడితో ఉన్నదాన్ని వేయకూడదు. పిల్ల తల్లిని వేయకూడదు. నీళ్ల కాడ అసలే వేయకూడదు, దప్పికతో వచ్చినది అతిథితో సమానం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆయన విల్లు అటక ఎక్కింది. ఆ మూడు మాటలు మాత్రం ఇంట్లో తిరుగుతూనే ఉన్నాయి.

కనుమ తర్వాత వచ్చిన శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికే లేచాం. నాన్నతో పనిచేసే అనంతపురం బావ ప్రాడో తెచ్చాడు. రెండు కుటుంబాలు, తొమ్మిది మందిమి. అమ్మ చిత్రాన్నం, భక్ష్యాలు, జొన్నరొట్టెలు, ఊరిబిండి సర్దింది. ఎడారి అంటే ఎండే అనుకునేవాళ్లకు జనవరి తెల్లవారుజాము అక్కడ ఎంత చల్లగా ఉంటుందో తెలియదు. స్వెట్టర్ల మీద శాలువాలు కప్పుకున్నా పళ్లు టకటకలాడాయి. సల్వా రోడ్డు మీద అప్పుడింకా రౌండబౌట్లే. వాటిని దాటుకుని దుఖాన్ రోడ్డెక్కేసరికి మంచు దట్టంగా కమ్మింది. షహానియా దగ్గర పందెపు ఒంటెలు మంచులోంచి వరుసగా నడిచొచ్చాయి. వాటి మీద కప్పిన రంగురంగుల దుప్పట్లు చూసి అక్క "పండగ ఎద్దుల మాదిరి ఉన్నాయి నాన్నా" అంది. నాన్న బండి ఆపించి అవన్నీ పోయేదాకా చూశాడు.

దోహాకు ఎనభై కిలోమీటర్ల దూరంలో, పడమటి తీరాన ఉంది జక్రీత్. అక్కడి నుంచి రాస్ అబ్రూక్ వైపు మట్టిబాట. తెల్లటి సున్నపురాయి గుట్టలు, గాలి అడుగు కొరికేసి పుట్టగొడుగుల్లా మిగిల్చిన రాళ్లు, వాటి వెనక నీలంగా సముద్రం. చెట్టంటూ కనబడదు. అక్కడక్కడా తుమ్మ జాతి పొదలు, మోకాలెత్తు ఉప్పు మొక్కలు. బండి దూరంగా ఆపి నడిచాం.

నాన్న అక్కడ వేరే మనిషైపోయాడు. ఇంట్లో అలసిపోయి సోఫాలో కూర్చునే మనిషి, ఇక్కడ నడుం వంచి నేలను చదవడం మొదలుపెట్టాడు. గుప్పెడు ఇసుక తీసి భుజం ఎత్తు నుంచి సన్నగా వదిలాడు. ఇసుక మా వైపే ఒరిగింది. "ఎదురుగాలి. మంచిదే. మన వాసన దానికి పోదు" అన్నాడు. కాసేపటికి మోకాళ్ల మీద కూర్చుని నన్ను పిలిచాడు. మెత్తటి ఇసుకలో రెండు సన్నటి చీలికలు, పక్కపక్కన పెట్టిన రెండు చింతగింజల్లా. ముందువైపు కొనదేలి ఉన్నాయి. "ఇటు పోయింది" అని వేలితో చూపించాడు. నాలుగడుగుల అవతల నల్లటి పెంటికలు. ఒకటి చేతిలోకి తీసుకుని చిదిమాడు. లోపల ఇంకా పచ్చగా, చెమ్మగా ఉంది. "రాత్రిది గాదు. పొద్దుటిది." జేజినాయన గొంతే అది.

ఒక సున్నపురాయి గుట్ట వెనక బోర్లా పడుకున్నాం. నా చేతిలో మట్ట విల్లు. "మాట్లాడాకు. కదలాకు. ఊపిరి గూడా మెల్లగా" అన్నాడు నాన్న. ఎంతసేపు గడిచిందో తెలియదు. పొద్దెక్కి మంచు విడిపోయింది. మోచేతుల కింద గులకరాళ్లు గుచ్చుకున్నాయి. బావ కొడుక్కి తుమ్ము వస్తే అమ్మ వాడి ముక్కు పట్టుకుంది. అప్పుడు ఎదురుగా ఉన్న కంచె అవతల, మేము అంతసేపూ ఇసుక తిన్నె అనుకుంటున్నది కదిలింది.

రీమ్ జింకలు. మొత్తం ఐదు. వీపు ఇసుక రంగు, పొట్ట సున్నం వేసినంత తెలుపు, ముఖం కూడా దాదాపు తెలుపే. అన్నిటికంటే ముందున్నది తలెత్తి మా గుట్ట వైపే చూసింది. చెవులు రెండూ దోసిలి పట్టినట్టు ముందుకు తిరిగాయి. పొట్టి నల్లటి తోక ఒకసారి కొట్టుకుంది. దాని కంటి నలుపులో సూర్యుడు చుక్కలా మెరవడం నేను చూశాను. ఇంత దూరం నుంచి అది కనబడదని పెద్దయ్యాక చాలామంది అన్నారు. నేను చూశాను. నా వేళ్లు నారి మీద ఉన్నాయి, లాగాలన్న ఆలోచనే రాలేదు. అవి తలలు దించి మేశాయి, మళ్లీ ఎత్తాయి, మెల్లగా గుట్ట చాటుకు పోయాయి. నాన్న చెంపల మీద నీళ్లు.

తర్వాత పార్వేట తంతు జరిగింది. అమ్మ తెచ్చిన నరసింహస్వామి పటాన్ని చెక్కపెట్టె మీద నిలిపి, పెట్టెకు అడ్డంగా ఒక కర్ర కట్టారు. అదే పల్లకి. నాన్న, బావ ఇద్దరూ దాన్ని భుజాలకెత్తుకుని ఆ తెల్లరాళ్ల మధ్య ముప్ఫై అడుగులు నడిచారు. నేను పసుపు గుడ్డ మొన ఉన్న బాణం వేశాను. అది పల్లకి కర్రకు తగిలి ఇసుకలో పడింది. అమ్మ హారతిచ్చింది. గాలికి మూడుసార్లు ఆరిపోతే మూడుసార్లూ వెలిగించింది. రాతి నీడలో కూర్చుని చిత్రాన్నం తిన్నాం. ఆ రోజు నాన్న ఎప్పుడూ పాడని పాటలు పాడాడు.

ఆ తర్వాత ఏడేళ్లు ప్రతి జనవరిలోనూ వెళ్లాం. రెండుసార్లు ఒక్క జింకా కనబడలేదు. ఆ రెండేళ్లూ అడుగులు చూసి తిరిగొచ్చాం.

చదువుకున్నాక కొన్ని సంగతులు తెలిశాయి. మేము మొదటిసారి వెళ్లిన 2007లోనే ఆ వాయవ్య ప్రాంతానికి అల్ రీమ్ పేరుతో యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తింపు వచ్చింది. రీమ్ అంటే మేము చూసిన జింకే. నా సంచి మీది ఓరీ కథ మరింత బరువైనది. అరేబియా ఎడారుల్లో వేల ఏళ్లు బతికిన ఓరిక్స్‌లలో చివరి స్వేచ్ఛా మంద 1972లో ఒమన్‌లో వేటగాళ్ల చేతిలో అంతరించింది. మన చట్టం వచ్చిన ఏడాదే అది. విల్లు, ఒంటె ఉన్నన్నాళ్లు ఆ జంతువు తట్టుకుంది. జీపు, తుపాకీ వచ్చాక కొన్ని దశాబ్దాల్లోనే అయిపోయింది. అదృష్టవశాత్తూ 1962లోనే కొన్నిటిని పట్టి అమెరికాలోని ఫీనిక్స్ జూకు చేర్చి పెంచారు. ఖతార్‌లోనూ షహానియాలో మందను కాపాడారు. 1982లో ఒమన్ ఎడారిలో మళ్లీ వదిలారు. 2011లో వాటి స్థితి ఒక మెట్టు మెరుగుపడిందని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ప్రకటించింది. అడవిలో పూర్తిగా అంతరించి అంత దూరం కోలుకున్న మొదటి జంతువు అదే.

ఆ నేలకు వేట కొత్త కాదు. 1956లో మొదలైన డెన్మార్క్ పురావస్తు బృందాల తవ్వకాల్లో ఖతార్ నేల మీద రాతి బాణపు మొనలు దొరికాయి. వాటిలో ఒక రకానికి పురావస్తు శాస్త్రంలో 'ఖతార్ బి' అనే పేరు స్థిరపడింది. వేల ఏళ్ల కిందట ఎవరో తండ్రి తన కొడుకు పక్కన ఆ సున్నపురాళ్ల మీదే బోర్లా పడుకుని, గుప్పెడు ఇసుక వదిలి గాలి చూసి ఉంటాడు.

మా కర్నూలు సీమకూ ఒక పాఠం ఉంది. బట్టమేక పిట్టను కాపాడాలని 1988లో రోళ్లపాడును అభయారణ్యం చేశారు. అక్కడ కృష్ణజింకలు పెరిగాయి. పిట్ట మాత్రం కనబడకుండా పోయింది. చట్టం విల్లును అటక ఎక్కించగలదు. గడ్డినేలను, నీటి ఊటను నిలబెట్టాల్సింది మనుషులే. ఊట పోయాక పేరొక్కటే మిగలడం ఎలా ఉంటుందో ఐన్ ఖాలిద్‌లో పెరిగిన నాకు తెలుసు.

పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్న తల్లిదండ్రులకు నాదొక మనవి. పండగ రోజున మీ పిల్లల్ని హాలులోని వేడుకతో సరిపెట్టకండి. ఆ నేల మీద బతికే జంతువేదో కనుక్కుని, అనుమతి ఉన్న చోటికి తెల్లవారకముందే తీసుకెళ్లండి. గాలి చూడటం, అడుగు చదవడం, కదలకుండా ఉండటం నేర్పండి. మీ ఊరి కథ అక్కడ చెప్పండి. ఆ కథ వాళ్లకు ఆ నేలతో పాటే గుర్తుండిపోతుంది.

జేజినాయన ఇప్పుడు లేడు. నాన్న ఉద్యోగ విరమణ చేసి ఊరికి వచ్చేశాడు. ప్రతి కనుమకూ దిగువ అహోబిలంలో పల్లకి బయలుదేరే చోట ఉంటాడు. ఈసారి మేమూ వెళుతున్నాం. మా పాపకు ఐదేళ్లు. నిన్న సాయంత్రం నాన్న దానికి వెదురు విల్లుకు నారి కట్టడం నేర్పాడు.