కొంగు సంగతి ఎవరు చెప్పాలి?

నేను కాపురముంటున్న జోల్వా, సూరత్ జిల్లా పల్సానా తాలూకాలోని ఒక గ్రామం. గ్రామమన్న మాటే గాని, ఇక్కడ చెవినిపడేది మగ్గాల చప్పుడు, కంటపడేది బట్టల మూటలు. ఈ ప్రాంతపు మిల్లుల్లో తయారయ్యే కృత్రిమపు నూలు చీరలు దేశమంతటా అమ్ముడుపోతాయి. అవి చవక, తేలిక. ఉతికి ఆరవేస్తే ఇట్టే ఆరిపోతాయి. వాటికి మరొక గుణం కూడా ఉన్నది. అవి బాగా పలుచన. రెండు మడతలు వేసి పట్టుకున్నా వేళ్ళకు మందం తెలియదు. ఆ పలుచదనానికీ, మహానగరాల్లో పరుగెత్తే మెట్రో రైళ్ళ తలుపులకూ సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చు. సంబంధం ఉన్నది. అది ప్రాణాలతో ముడిపడిన సంబంధం.

2023 డిసెంబరు 14న ఢిల్లీ మెట్రోలోని ఇందర్‌లోక్ స్టేషనులో ఒక మహిళ దుస్తుల అంచు రైలుపెట్టె తలుపులో చిక్కుకున్నది. తలుపులు మూసుకున్నాయి, రైలు కదిలింది, ఆమెను ఈడ్చుకుపోయింది. తీవ్రంగా గాయపడిన ఆమె రెండు రోజుల తరువాత ఆసుపత్రిలో మరణించింది. అంతకు నాలుగేళ్ళ ముందు, 2019 జూలై 13న, కలకత్తాలోని పార్క్ స్ట్రీట్ భూగర్భ స్టేషనులో ఒక వృద్ధుని చెయ్యి తలుపు రెక్కల మధ్య ఇరుక్కుపోయింది. అక్కడ కూడా రైలు ఆగలేదు, ఆయన బ్రతకలేదు. మన దేశంలో మొట్టమొదటి భూగర్భ రైలు 1984 అక్టోబరు 24న నడిచింది ఆ నగరంలోనే. ముప్ఫై అయిదేళ్ళ అనుభవం ఉన్నచోట కూడా ఇటువంటి ప్రమాదం జరగగలిగింది.

మెట్రో తలుపు మామూలు తలుపు కాదు. విద్యుత్ మోటారు దానిని నడుపుతుంది. రెక్కలు దగ్గరకు వస్తున్నప్పుడు మధ్య ఏదైనా అడ్డుపడితే మోటారు మీద భారం పెరుగుతుంది. ఆ భారాన్ని పసిగట్టి తలుపు ఆగుతుంది, మళ్ళీ తెరుచుకుంటుంది. అన్ని తలుపులూ మూసుకుని గడియపడినట్లు సంకేతం అందితే తప్ప రైలు కదలడానికి వీలుండదు. ఇది చాలా మంచి ఏర్పాటు. దీని చలవవల్లనే రోజూ లక్షలాది మంది క్షేమంగా ఇళ్ళు చేరుతున్నారు. కాని యంత్రానికి తెలిసిన భాష ఒక్కటే, మందం. సంచో, పెట్టో, భుజమో అడ్డుపడితే అది గ్రహిస్తుంది. రెక్కల అంచులకు మెత్తని రబ్బరు ఉంటుంది. చీరకొంగు వంటిది చిక్కితే ఆ రబ్బరు దానిని తనలో ఇముడ్చుకుంటుంది. అప్పుడు తలుపు మూసుకున్నదనే సంకేతం వెళుతుంది. ఆ సంకేతంలో అబద్ధం లేదు. తలుపు నిజంగానే మూసుకున్నది. కొంగు మాత్రం లోపల, మనిషి వెలుపల!

ఢిల్లీ వార్త వచ్చిన రోజుల్లో మా వీధి స్త్రీలు దానిని నాచేత చదివించుకున్నారు. వారిలో చాలామంది కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాలనుంచి మగ్గాల పనికి వచ్చిన కుటుంబాలవారు. మధ్యాహ్నం వేళ చీరల దారాలు కత్తిరిస్తూ అరుగుల మీద కూర్చుంటారు. వారి ఆడపిల్లల్లో కొందరు హైదరాబాదుకు కోడళ్ళుగా వెళ్ళారు. ఆ నగరంలో 2017 నవంబరు నుంచి మెట్రో నడుస్తున్నది. అందుచేత ఢిల్లీ సంగతి వారికి ఎక్కడో జరిగిన సంగతిగా తోచలేదు.

"మరి రైలుల ముందుగాల ఏమని చెప్తరు బిడ్డా?" అని అడిగింది పక్కింటి పెద్దమ్మ.

తలుపులు మూసుకోబోతున్నాయని, వాటికి దూరంగా నిలబడమని ముద్రించిన గొంతు చెబుతుందని అన్నాను.

పెద్దమ్మ కత్తెర పక్కన పెట్టింది. "దూరం నిలవడుమంటే, మందిల యాడికని జరగాలె? కొంగు చెక్కుకోమని చెప్పరా?"

నేను వృత్తిరీత్యా అనువాదకురాలిని. ఇంగ్లీషు సాహిత్యం చదువుకుని ఇరవై ఏళ్ళుగా ఆ భాషలోని మాటలను తెలుగులోకి తెస్తున్నాను. అయినా మెట్రో ప్రకటన గురించి పెద్దమ్మ వేసిన ప్రశ్న నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది.

రైళ్ళలో ముద్రిత ప్రకటనలకు లండన్ భూగర్భ రైల్వే ప్రసిద్ధి. ప్లాట్‌ఫారానికీ పెట్టెకూ నడుమ ఉండే ఎడాన్ని గురించి ప్రతిసారీ సిబ్బందే కేకవేసి చెప్పడం కష్టమై, 1968 ప్రాంతంలో 'మైండ్ ది గ్యాప్' అనే మూడు మాటలను ముద్రించిన గొంతుతో వినిపించే ఏర్పాటు చేశారు. ధ్వనిని దాచే పరికరాలు ఆ రోజుల్లో బహు ఖరీదు. వాక్యం ఎంత పొట్టిదైతే అంత ఆదా. ఆ పొదుపే ఆ మాటలకు బలమయింది. ప్రపంచంలో ఎక్కడెక్కడివారో ఆ మూడు మాటలను గుర్తుపెట్టుకున్నారు.

అయితే ఆ మాటలను ఉన్నవి ఉన్నట్లుగా తెలుగులో పెట్టి చూడండి. 'ఖాళీని గమనించండి' అంటే మనవాడు ఎక్కడైనా కూర్చునే చోటు ఖాళీ అయిందేమోనని వెతుకుతాడు! 'సందు చూసి అడుగు వెయ్యండి' అంటే ఆగి, కిందికి చూస్తాడు. ఒకటి మాటకు మాట. రెండవది మనిషికి మాట.

తలుపుల హెచ్చరికకు వచ్చిన చిక్కు మరికొంచెం లోతైనది. ఇంగ్లీషు ఆజ్ఞలో చెయ్యవలసిన పని మొదటనే వినబడుతుంది. తెలుగు వాక్యంలో క్రియ చివరకు వస్తుంది. 'మూసుకుంటున్న తలుపులకు దయచేసి దూరంగా నిలబడండి' అన్న వాక్యం పూర్తయ్యేసరికి తలుపే మూసుకుపోవచ్చు. రద్దీలో, శబ్దంలో, బిడ్డను చంకనేసుకుని ఎక్కే తల్లి చెవిలో పడేది మొదటి రెండు మాటలే. ఆ రెండు మాటల్లో సంగతి ఉండాలి. 'కొంగు జాగ్రత్త! తలుపులు మూసుకుంటున్నాయి' అంటే, మొదటి మాటకే చెయ్యి కొంగు మీదికి పోతుంది. కొంగు అన్న మాట విని తడుముకోని తెలుగు స్త్రీ ఉండదు.

ఈ సూక్ష్మం పెద్దమ్మకు పుస్తకాలవల్ల తెలియలేదు. మగ్గాల షెడ్డులో పనికి చేరిన ఆడమనిషికి మొదటిరోజు చెప్పే పాఠం అదే: కొంగు నడుముకు చెక్కుకో. తిరిగే పట్టా, తిరిగే ఇరుసు కొంగును అందుకుంటే ఏమవుతుందో అక్కడ అందరికీ తెలుసు. 'యంత్రానికి దూరంగా నిలబడు' అని అక్కడ ఎవ్వరూ చెప్పరు. యంత్రం దగ్గర నిలబడటమే వారి పని. ఏది చిక్కుకుంటుందో దాని పేరు పెట్టి చెబుతారు.

అలాగని భారమంతా ప్రయాణికుల మీద, అందులోనూ ఆడవారి కట్టుబొట్టు మీద మోపడం న్యాయం కాదు. చీర కట్టుకోవడం నేరం కాదు గదా! ఈ దేశంలో నడిచే రైలు, ఈ దేశపు దుస్తులకు తగిన తలుపుతో నడవాలి. తలుపు మూసుకున్న తరువాత కూడా రబ్బరు అంచు లాగబడితే ఆ లాగుడును పసిగట్టి రైలును ఆపించే సాధనాలు ఉన్నాయి. ప్లాట్‌ఫారం అంచునే మరొక తలుపుల వరస నిర్మించే పద్ధతి ఇంకా పాతది. లెనిన్‌గ్రాడ్ నగరంలో 1961లోనే ఒక భూగర్భ స్టేషనును అలా కట్టారు. మన దేశంలో ఢిల్లీ విమానాశ్రయ మార్గంలో 2011లోను, కలకత్తా తూర్పు పడమటి మార్గంలో 2020లోను అటువంటి తలుపులు వచ్చాయి. అవి ఖర్చుతో కూడిన పనే. కాని మాట ఎంత చక్కగా చెప్పినా, చెవి వినిపించనివారికి అది చేరదు. తలుపు మీద వెలిగి ఆరే దీపం వారికి కొంతవరకు ఆసరా. గట్టి ఏర్పాటు ముందు, మాట తరువాత.

మా సూరత్ మెట్రోకు 2021 జనవరి 18న శంకుస్థాపన జరిగింది. రెండు మార్గాలూ కలిపి సుమారు 40 కిలోమీటర్లు. నడుమ కొంత భాగం భూగర్భంలో. ఒక మార్గానికి తూర్పు కొస సారోలీ, అంటే మా కడోదరా వైపు. ఈ నగరంలో పురపాలక పాఠశాలలు గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒరియా, తెలుగు, ఇంగ్లీషు భాషల్లో పాఠాలు చెబుతాయి. తలుపు మూసుకునే ఆ కొద్ది క్షణాల్లో ఏడు భాషలూ పలకడం ఏ గొంతుకూ సాధ్యం కాదు. అటువంటి చోట తలుపు మీద ఒక బొమ్మ వెయ్యాలని నా కోరిక: మూసిన తలుపు, అందులో చిక్కిన కొంగు. దానికి అనువాదకుల అవసరం ఉండదు. నా వృత్తికి కలిగే ఆ నష్టాన్ని నేను సంతోషంగా భరిస్తాను.

మరొక్క విషయం. ఎవరి బట్టయినా, చెయ్యయినా తలుపులో చిక్కుకున్నట్లు కనబడితే, పెట్టెలో ఉన్నవారు తలుపు పక్కనుండే అత్యవసర మీట నొక్కి డ్రైవరుకు తెలపాలి. చాలా స్టేషన్లలో ప్లాట్‌ఫారం మీద కూడా రైలును ఆపించే మీట ఉంటుంది. అది ఎక్కడున్నదో రైలు కోసం వేచి ఉన్నప్పుడే చూసుకోవడం మంచిది. మూసుకుంటున్న తలుపును చేత్తోనో, సంచితోనో ఆపాలని మాత్రం ఎన్నడూ ప్రయత్నించకూడదు. కొద్ది నిమిషాల్లో మరొక రైలు వస్తుంది.

హైదరాబాదునుంచి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలు తిరిగి ప్రయాణమయ్యేటప్పుడు మా పెద్దమ్మ వారికి సద్ది కట్టి ఇస్తుంది. చేతికి మూట అందిస్తూ, "రైలెక్కంగనే కొంగు చెక్కుకో బిడ్డా!" అంటుంది. పిల్లలు నవ్వుతారు. నవ్వుతూనే కొంగు సర్దుకుంటారు.