సగటు చాటున అయిదో సిలిండర్

"ఎక్కడ కొన్నావురా వీటిని?"

తండ్రి అడిగిన మొదటి ప్రశ్న అదే. డెట్రాయిట్ శివార్లలోని కాంటన్‌లో ఓ ఇంటి గ్యారేజీ. 2019 జూన్, శనివారం సాయంత్రం. 2002 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ బానెట్ ఎత్తి ఉంది. పక్కన బల్లమీద పాత తువ్వాలు పరిచి, బొటనవేలంత పొడవున్న ఎనిమిది ఇంజెక్టర్లను వరసగా పేర్చాడు కొడుకు. అతని వయసు 38. కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంటర్నెట్‌లో సగం ధరకే దొరికాయని చెప్పాడు, కాస్త గర్వంగానే. పెద్దాయన ఏమీ అనలేదు. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు డీజిల్ పంపులు, నాజిళ్లు బాగుచేసిన మనిషి మౌనంగా ఉన్నారంటే దాని అర్థం కొడుక్కి చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఆ కారు అతని ముచ్చట. పాతికేళ్ల వయసులో అమెరికా వచ్చినప్పుడు కొనుక్కోలేకపోయింది, ముప్పై అయిదేళ్లకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. 4.6 లీటర్ల వీ8 ఇంజను, కంపెనీ లెక్క ప్రకారం 260 హార్స్‌పవర్. ఆ వేసవి మొదట్లో దానికి సూపర్‌చార్జర్ బిగించాడు. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలి చాలదని, బెల్టుతో తిరిగే పంకాతో గాలిని బలవంతంగా లోపలికి నెట్టే యంత్రం అది. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. ఆ పెట్రోలు కొలిచి పోసేవే ఇంజెక్టర్లు. సూపర్‌చార్జర్ కొనడానికి అతనికి ఒక్క సాయంత్రం పట్టింది. ఇంజెక్టర్లు ఎంచుకోవడానికి మూడు నెలలు పట్టింది. అప్పటికీ తప్పే చేశాడు.

లెక్క చూడటానికి తేలిక. మామూలు పెట్రోలు ఇంజను ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు అర పౌను ఇంధనం తాగుతుంది. 260 హార్స్‌పవర్‌కు 130 పౌన్లు. ఎనిమిది ఇంజెక్టర్లకు పంచి, ఏదీ నూటికి 85 పాళ్లకు మించి తెరుచుకుని ఉండకూడదనుకుంటే ఒక్కోటీ గంటకు 19 పౌన్లు పోయగలగాలి. ఫోర్డ్ ఆ కారుకు పెట్టినవీ సరిగ్గా 19 పౌన్లవే. అంటే కంపెనీ మిగులు పెద్దగా ఉంచలేదు. సూపర్‌చార్జర్ పెట్టాక అతను ఆశించింది 400 హార్స్‌పవర్. ఇలాంటి ఇంజను దాహం ఎక్కువ. సూపర్‌చార్జర్‌ను తిప్పడానికే కొంత శక్తి పోతుంది, సిలిండర్లను చల్లబరచడానికి కొంత పెట్రోలు అదనంగా పోయాలి. అందుకని హార్స్‌పవర్‌కు 0.6 పౌను వేసుకుంటారు. మొత్తం 240 పౌన్లు. 80 శాతం హద్దు పెట్టుకుంటే ఇంజెక్టర్ ఒక్కింటికి 37.5. ఫోర్డే 2003 మోడల్‌గా ఇదే 4.6 లీటర్ల కుటుంబంలో సూపర్‌చార్జర్‌తో 390 హార్స్‌పవర్ కోబ్రా తెచ్చినప్పుడు 39 పౌన్లవి వాడింది. లైట్నింగ్ ట్రక్కుకు 42 పౌన్లవి పెట్టింది. కాబట్టి 42 తీసుకుంటే సరిపోవాలి.

ఇంతవరకూ కాగితం మీది మాట. మిత్రులు 60 పౌన్లవి కొనమన్నారు. "రేపు ఇంకా పవర్ కావాలనిపిస్తే?" అన్నది వాళ్ల వాదన. అమ్మాయికి పదమూడేళ్లకే పెళ్లి పట్టుచీర కొనే బాపతు ముందుచూపు. ఇంజెక్టర్ పెద్దదైతే నష్టమేమిటంటే, సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉన్నప్పుడు అది తెరుచుకునేది రెండు మూడు మిల్లీసెకన్లే. సూది కదిలి తెరుచుకోవడానికే అందులో దాదాపు ఒక మిల్లీసెకను పోతుంది. పెద్ద ఇంజెక్టర్‌కు ఆ సమయాన్ని ఇంకా కుదించాలి. అంత తక్కువలో ఏది ఎంత పోస్తుందో దానికే నమ్మకం ఉండదు. ఇంజను వణుకుతుంది, పెట్రోలు వాసన కొడుతుంది. అలాగని ఈ మధ్య వచ్చిన మంచి ఇంజెక్టర్లు 80 పౌన్లవైనా బుద్ధిగానే ఉంటాయి. కాకపోతే వాటి గుణం మొత్తం కారు కంప్యూటర్‌కు చెప్పాలి. ఫోర్డ్ కంప్యూటర్‌కు 42 అన్న ఒక్క అంకె చాలదు. కొద్దిసేపు తెరిస్తే ఎంత, ఎక్కువసేపు తెరిస్తే ఎంత, బ్యాటరీ వోల్టేజీ తగ్గితే ఎంత ఆలస్యం అన్నీ కావాలి. ఆ పట్టిక లేని ఇంజెక్టర్‌ను కొనడం ఊరూ పేరూ చెప్పని మనిషిని పనిలో పెట్టుకోవడమే.

అంకెలోనూ ఓ మెలిక ఉంది. 42 పౌన్లు అంటే ఎంత ఒత్తిడి దగ్గర? చాలా కంపెనీలు 3 బార్ దగ్గర కొలుస్తాయి. ఈ మస్టాంగ్ నడిచేది 2.7 బార్ దగ్గర. అక్కడ 42 కాస్తా దాదాపు 40 అవుతుంది. ఒత్తిడి పెంచి సర్దుకుందామన్నా, అది రెట్టింపైతే ఇంధనం రెట్టింపు కాదు, 1.41 రెట్లే.

"మూడు బార్లేనా?" అన్నారు పెద్దాయన నవ్వుతూ. ఆయన చేతిలో నలిగిన లారీ నాజిళ్లు 200 బార్ దాటితే గానీ నోరు విప్పేవి కావు. నాజిల్ టెస్టర్ లివరు నొక్కి, పొగమంచులా చిమ్మే డీజిల్ తుంపరను చూసి, అది చేసే కిరకిర శబ్దాన్ని విని మంచిదో కాదో చెప్పేవారు. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-4 వచ్చాక కొత్త లారీల్లో కంప్యూటర్ పెత్తనం పెరిగింది, ఆయన చెవులకు పని తగ్గింది. మరుసటి ఏడాదే షాపు మూసేశారు. టెస్ట్ బెంచీని పాత ఇనుము కింద అమ్మేశారని కొడుక్కి తెలిసింది నెల తర్వాత.

ఆ సాయంత్రం ఇద్దరికీ చిన్న వాదన జరిగింది. కారు అప్పటికి ఆ ఇంజెక్టర్లతోనే 600 మైళ్లు తిరిగింది. గొట్టంలో పెట్టిన సెన్సర్ పూర్తి వేగంలో గాలి, పెట్రోలు నిష్పత్తి 11.6 చూపించింది. సూపర్‌చార్జర్ ఉన్న బండికి అది భద్రమైన అంకె. అయినా ఎక్కడో చిన్న టకటక వినపడుతోందని కొడుకు అనుమానం. అందుకే విప్పాడు. ఏదో ఒక ఇంజెక్టర్ తక్కువ పోస్తుంటే పిస్టన్ కాలిపోతుందని అతను అంటే పెద్దాయన ఒప్పుకోలేదు.

"తక్కువ పోస్తే కాలడమేంట్రా? ఎక్కువ కారితేనే పిస్టన్‌కి చిల్లు పడేది. నేనెన్ని చూశాను!"

ఇద్దరూ చెప్పింది నిజమే. డీజిల్ ఇంజనులో గాలి ఎప్పుడూ మిగులు. అక్కడ ఇంధనం పెరిగితే వేడి పెరుగుతుంది, కారే నాజిల్ పిస్టన్‌ను తినేస్తుంది. ఒత్తిడి మీద నడిచే పెట్రోలు ఇంజను తీరు ఇందుకు తలకిందులు. అక్కడ అదనంగా పోసే పెట్రోలే చల్లదనం. అది తగ్గితే మిశ్రమం పల్చబడి, వేడెక్కి, అదుపు తప్పి పేలుతుంది. ఈ మస్టాంగ్ పిస్టన్లు పోతపోసినవి, అలాంటి దెబ్బలకు రింగుల దగ్గర విరుగుతాయి. కొడుకు బొమ్మ గీసి చూపిస్తే పెద్దాయన కాసేపు చూసి, "సరే. ఎనిమిదీ సమానంగా పోస్తున్నాయో లేదో చూశావా?" అన్నారు.

చూడలేదు. సెన్సర్ ఉంది కదా అనుకున్నాడు. కానీ ఆ సెన్సర్ ఒకవైపున్న నాలుగు సిలిండర్ల పొగ కలిశాక కొలుస్తుంది. అది చెప్పేది సగటు. తలసరి ఆదాయం చూసి ఊళ్లో అందరూ భోంచేశారనుకున్నట్టు.

సోమవారం ఇద్దరూ కలిసి ఇంజెక్టర్లు పరీక్షించే ఓ చిన్న దుకాణానికి వెళ్లారు. వరసగా ఎనిమిది గాజు గొట్టాలు, పైన ఎనిమిది ఇంజెక్టర్లు. "మన షాపులో దీని పెద్దన్న ఉండేది" అన్నారు పెద్దాయన. గుమస్తా అడ్డుచెప్పేలోగానే వంగి గొట్టాల మట్టానికి కళ్లు ఆనించారు. పరీక్ష ముగియకముందే ఒక గొట్టం మీద వేలు పెట్టారు. కాగితం తర్వాత వచ్చింది. 3 బార్ దగ్గర ఏడు ఇంజెక్టర్లు నిమిషానికి 430 నుంచి 442 సీసీ వరకూ పోశాయి. 42 పౌన్లంటే అంతే రావాలి. ఎనిమిదోది పోసింది 385. బండిలో అది ఉన్నది అయిదో సిలిండర్‌పై. లెక్కగడితే సగటు 11.6 అయిన వేళ ఆ సిలిండర్‌లో నిష్పత్తి దాదాపు 12.8. ఇంజెక్టర్ల మీద ఉన్న పేరున్న కంపెనీ ముద్ర కూడా నకిలీదేనని దుకాణదారు తేల్చాడు. లేజర్ గీత ఉండాల్సిన చోట రంగు ముద్ర ఉంది.

ఇంటికొచ్చాక అయిదో స్పార్క్ ప్లగ్ విప్పి భూతద్దంలో చూశారు. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నని చుక్కలు. పేలుడు మొదలైందనడానికి అది గుర్తు. కంప్రెషన్ కొలిచి చూస్తే మిగతా సిలిండర్లతో సమానంగానే ఉంది. ఇంకో వెయ్యి మైళ్లు నడిచి ఉంటే ఏమయ్యేదో ఇద్దరూ పైకి అనుకోలేదు.

కొత్త సెట్ కూడా 42 పౌన్లదే కొన్నాడు. ఈసారి అధీకృత డీలరు దగ్గర, పూర్తి ధరకు, పట్టికతో సహా. 60 ఊసెత్తలేదు. పార్సిల్ వచ్చిన రోజు పరీక్ష కాగితం చదివి పెట్టె తెరవబోతుంటే పెద్దాయన ఆపారు. "కాగితం వాళ్లదిరా. మనం చూడలేదుగా" అని చెప్పులు వేసుకుని, కారు తాళాలు కొడుకు చేతికిచ్చారు.