రాలిన ఈక ఎవరిది

జూన్ 8, 2024
మృగశిర కార్తె. అపార్ట్‌మెంట్ మెట్లన్నీ చేపల పులుసు వాసన. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిన కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం నిలబడ్డ క్యూలను టీవీలో చూపిస్తున్నారు. మందు కూరిన కొరమీను పిల్లను బతికుండగానే మింగాలి. అది తెలంగాణ రాష్ట్ర చేప కూడా. దానితో నాకున్న పని వేరు. కోడి ఈకో కాకి ఈకో గాలానికి కట్టి, దాన్ని నోరు తెరిపించాలి. కొన్న రబ్బరు కప్పతో ఎవరైనా పడతారు.

సాయంత్రం దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి నడకదారిలో గద్ద ఈక దొరికింది. జానెడు పైనే ఉంది.

జూన్ 15
బాల్కనీ వల అంచున పావురం ఈకలు. సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, జిప్ కవర్లో పెట్టి ఫ్రీజర్లో వేశాను. ఈకల్లోని పేలు చావాలంటే కొన్నాళ్లు గడ్డకట్టించాలి. “ఐస్‌క్రీమ్ పక్కన పావురం ఈకలేంటి?” అంది మా ఆవిడ. కవరును బఠాణీల కిందికి తోశాను.

రెక్క ఈకల్లో కుడివి, ఎడమవి వేరు. గాలం మీద రెండు రెక్కలు నిలబెట్టాలంటే కుడి రెక్క ఈకలోంచి ఒక పాయ, ఎడమ దానిలోంచి ఒక పాయ కోయాలి. వంపులు ఎదురెదురుగా కుదరాలి. రెండూ ఒకే వైపువైతే నీళ్లలో ఎర గిర్రున తిరిగి దారం మెలిపడుతుంది. రోడ్డు మీద దొరికేది మాత్రం ఎప్పుడూ ఒంటి ఈకే.

జూన్ 23
వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 చదివాను. అందులో ‘ట్రోఫీ’ నిర్వచనంలో కొమ్ము, గోరు, కోరలతో పాటు ఈక కూడా ఉంది. చంపావా, ఏరుకున్నావా అని ఈకను చూసి అన్నిసార్లూ చెప్పలేరు గనుక ఈ కట్టుదిట్టం సబబే అనిపించింది. పాత షెడ్యూళ్లలో పావురం జాతులన్నిటినీ చేర్చి, మన బాల్కనీ పావురాన్ని మాత్రం పేరు పెట్టి మినహాయించారు. కాకి మాత్రం ఎలుకలతో పాటు ‘హానికర జంతువుల’ జాబితాలో ఉండేది. 2022 సవరణ ఆ జాబితానే ఎత్తేసింది.

గద్ద ఈకను తీసుకెళ్లి బ్రిడ్జి కింద చెట్ల మొదట్లో వదిలేశాను.

జూలై 7
ఈ పిచ్చి పాతదే. క్రీ.శ. 200 ప్రాంతంలో రోమన్ రచయిత ఏలియన్, మాసిడోనియా జాలరుల గురించి రాశాడు. అక్కడి చేపలు నీటి మీద వాలే ఒక రకం ఈగలను తింటాయి. ఆ ఈగను చెయ్యి తాకితే రంగు పోతుంది, రెక్కలు వాడిపోతాయి, ఎరకు పనికిరాదు. అందుకని గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, పుంజు గడ్డం కింద పెరిగే మైనం రంగు ఈకలు రెండు కట్టేవారట. పద్దెనిమిది వందల ఏళ్ల తర్వాత నేను చేస్తున్నదీ అదే, ఉన్నికి బదులు కుట్టుమిషన్ దారం.

జూలై 20
దుర్గం చెరువు గట్టు. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన చెరువు. తెల్లకొంగలు రాళ్ల మీద నిలబడి ముక్కుతో రెక్కలు దువ్వుకుంటున్నాయి. యూరప్ ఆడవాళ్ల టోపీల్లో పెట్టుకోవడానికి ఈ కొంగల పెళ్లినాటి ఈకలే పోయేవి. 1902లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం పక్షుల చర్మాలు, ఈకల ఎగుమతిని నిషేధించింది. పెంపుడు కోళ్లకు మినహాయింపు.

ఆగస్టు 11
హుస్సేన్ షా వలీ దర్గా దగ్గర ఒక ఫకీరు నెమలి ఈకల కుంచెతో తల మీద తట్టాడు. ఈ ఈక కథ వేరు. నెమలి 1963 నుంచి జాతీయ పక్షి, చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది. అయినా దాని తోక ఈకకు మాత్రం అమ్మకాల నిషేధంలో మినహాయింపు ఇచ్చారు. వానాకాలం వెళ్లేటప్పుడు అది ఎలాగూ తోక రాలుస్తుంది. కొనేటప్పుడు కాడ మొదలు చూసుకోవాలి. రాలినదైతే శుభ్రంగా ఉంటుంది, పీకినదానికి నెత్తురు మరక కనిపిస్తుంది.

దాని పోగులను గాలం కాడకు చుడితే పెంకుపురుగు వీపులా పచ్చగా మెరుస్తుంది. మా నాన్నకు పోగులతో పనిలేదు. వాటిని గీకేసి కాడను బెండుగా కట్టేవాడు, జీలుగ బెండు దొరకనప్పుడు.

ఆగస్టు 25
2009 జూన్‌లో ఎడ్విన్ రిస్ట్ అనే అమెరికన్ కుర్రాడు, లండన్‌లో ఫ్లూట్ నేర్చుకునేవాడు, ట్రింగ్ మ్యూజియం కిటికీలోంచి దూరి 299 పక్షి చర్మాలు ఎత్తుకెళ్లాడు. కొన్ని ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ సేకరించినవి. ఎందుకంటే, విక్టోరియా కాలం నాటి సాల్మన్ ఫ్లైలు, అంటే సాల్మన్ చేప కోసం కట్టే ఈకల ఎరలు, అసలు ఈకలతో కట్టాలని. వాటిలో చాలావరకు నీళ్లు చూడవు, అద్దాల పెట్టెల్లోనే ఉంటాయి. మన దక్షిణాది అడవికోడి మెడ మీది మైనపు చుక్కల ఈకలు కూడా ఆ ఫ్లైలకు కావాలి. ఆ అందం సాల్మన్‌కు అక్కర్లేదు. ఎర నీళ్లలో ఎలా కదిలిందన్నదే దానికి లెక్క.

సెప్టెంబర్ 8
చవితి మర్నాడు. చికెన్ షాపు ఖాళీ, ఓనరు తీరిగ్గా ఉన్నాడు. భీమవరం పక్క ఊరు ఆయనది.

బ్రాయిలర్ ఈకలు ఎందుకూ పనికిరావు. ఆరు వారాలకే కోతకొస్తుంది, మెడ ఈక ముదిరే వయసే రాదు. మొదట్లోని నూగు మాత్రం రంగు బాగా పట్టుకుంటుంది. నాటు పుంజు మెడ ఈక సన్నగా, పొడుగ్గా, బిరుసుగా ఉంటుంది. కాడకు చుడితే పోగులు చుట్టూ నిక్కపొడుచుకుని ఎరను నీటి మీద నిలబెడతాయి. పెట్ట ఈక మెత్తన, మునిగి ఊపిరి తీస్తున్నట్టు కదులుతుంది. రెండూ కావాలి, అదీ కోడిని వేడినీళ్లలో ముంచకముందే.

“ఈకలతో ఏం చేస్తారండీ?”
“చేపలు పడతానండీ.”
“మా వైపు ఈకలు చూసి పందెం కాస్తారండీ!”

ఇక ఆగలేదు. ఎర్రది డేగ, నల్లది కాకి, తెల్లది సేతు, మెడ మీద నల్లనైతే సవల, నలుపూ తెలుపూ సమంగా ఉంటే పర్ల. ఏ రోజున ఏ రంగు గెలుస్తుందో కుక్కుట శాస్త్రంలో ఉందట. ఆ జోస్యం నేను నమ్మను గానీ, ఈకను అంత నిశితంగా చూసిన కళ్లకు దణ్ణం పెట్టాలి. అమెరికాలో మెడ ఈక పొడుగు కోసమే పుంజులను తరాల తరబడి ఏరి పెంచే ఫారాలున్నాయి. మనవాళ్లు కాలి బలం కోసం, రోషం కోసం ఏరారు. ఈకలు పెంటకుప్పకు పోయాయి.

ఒక కాకి మెడ, ఒక డేగ మెడ ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు.

సెప్టెంబర్ 22
శంకర్‌పల్లి అవతల ఒక ఊరి చెరువు, అలుగు పోస్తోంది. పట్టే హక్కు మత్స్యకార సొసైటీది. అడిగి, డబ్బు కట్టి కూర్చున్నాను. సొసైటీ పెద్దాయన నా డబ్బా తెరిచి చూశాడు. “గీ కోడీకలకు ఏం పడ్తయి సార్? ఎర్రలు పెట్టుకోరాదు?”

కాకి ఈకకు పరిగెలు, తిలాపియాలు వరసగా వచ్చాయి. డేగను ముట్టనైనా లేదు.

మధ్యాహ్నం తూటాకు పక్కన కొరమీను పిల్లల గుంపు ఎర్రగా తేలింది. కింద తల్లీతండ్రీ కాపలా. “గిప్పుడే కొడ్తది సార్, ఎయ్యండి,” అన్నాడు పెద్దాయన. నిజమే, ఆకలితో కాదు, పిల్లల జోలికొచ్చిందని కొడుతుంది. దాన్ని లాగేస్తే మిగతా చేపలు పిల్లల్ని బతకనీయవు. వెయ్యలేదు. ఆయన నన్ను చేతకానివాడి కింద జమకట్టాడు.

అక్టోబర్ 12
దసరా. పాలపిట్టను చూడాలని పిల్లలు గోల చేస్తే గచ్చిబౌలి వైపు తీసుకెళ్లాను. తీగ మీద కనబడింది. ఆ నీలం రంగు పదార్థానిది కాదు, ఈక లోపలి సూక్ష్మ నిర్మాణంలో వెలుగు చెదరడం వల్ల వచ్చేది. 1930లలో సి.వి. రామన్ ఈ పక్షి ఈకలనే పరిశీలించి వ్యాసం రాశాడు. తీగ కింద ఒక ఈక పడి ఉంది. మా చిన్నవాడు తీయబోతే వద్దన్నాను. ఎందుకని అడిగాడు. చట్టం సంగతి చెప్పాను, వాడికి నచ్చలేదు.

తిరిగొచ్చేసరికి షాపు ముందు రోడ్డు దాకా జనం. భీమవరం ఆయన నన్ను చూసి గుంపు మీదుగా కేకేశాడు: “పర్ల వచ్చిందండీ! ఈసారి సంచి తెచ్చుకోండి!”